బడిలో మన పిల్లలకు రావాల్సిన సాయం ఆగిపోతే ఎవరిని, ఎలా అడగాలి? శ్రీకాకుళం, విజయనగరం తల్లిదండ్రుల కోసం

వైకల్యం ఉన్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం వరండాలో పక్కన కూర్చునే తల్లులు, ఆటోలో కలిసే నాన్నలు, ఎవరో నంబరిస్తే ఫోన్ చేసేవాళ్లు, అందరూ నన్ను అడిగేది ఒకటే. "అమ్మా, బడిలో మా బాబుని ఓ మూల కూర్చోబెట్టేస్తన్నారు. అడిగితే గొడవవుతాది, అడక్కపోతే ఏడాది పోతాది. ఏటి చెయ్యాలి?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే నయమని ఇది రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా. మా అబ్బాయికి రెండు చెవులకూ మిషన్లు ఉన్నాయి. మూడో తరగతిలో వాడిని వెనక బెంచీలో, సరిగ్గా ఫ్యాను కింద కూర్చోబెట్టారు. చెవి మిషన్ మాటనూ పెంచుతుంది, ఫ్యాను చప్పుడునూ పెంచుతుంది. వాడికి రోజంతా వినిపించింది ఫ్యానే. జూన్ నుంచి జనవరి దాకా బడికి వెళ్లిన ప్రతిసారీ "బాబుని కాస్త చూసుకోండి మాస్టారూ" అన్నాను. ఆయన "అలాగేనమ్మా" అన్నారు. ఏం చూసుకోవాలో నేను చెప్పలేదు, ఆయనకూ తట్టలేదు. ఏడాది చివర వాడి నోటుపుస్తకం తెరిస్తే ప్రతి పేజీ మీదా ఆ రోజు తేదీ చక్కగా రాసి ఉంది. తేదీ కింద ఏమీ లేదు. మరుసటి ఏడాది నాలుగు లైన్ల కాగితం రాసిచ్చాను, వారంలో బెంచీ మారింది. అప్పటి నుంచి నేను నోటితో ఏదీ అడగను.

ముందు తేల్చుకోండి: సమస్య ఎవరి చేతిలో ఉంది?

ఎక్కువమంది నెలలు పోగొట్టుకునేది ఇక్కడే. హెచ్‌ఎం చేతిలో లేనిదాని కోసం హెచ్‌ఎంతో తగవు పడతారు, హెచ్‌ఎం ఒక్క రోజులో చేయగలిగినదాని కోసం కలెక్టరేట్‌కి బస్సెక్కుతారు.

కూర్చునే చోటు, బోర్డు మీద పెద్ద అక్షరాలు, అదనపు సమయం, తరగతిని కింది అంతస్తుకు మార్చడం, తోటి పిల్లల వెక్కిరింతలు ఆపడం, ఇవన్నీ బడి చేయాల్సినవి. భవిత కేంద్రం, ఐఈఆర్‌టీ (ప్రత్యేక అవసరాల పిల్లలకు చెప్పే టీచరు) రావడం, ఫిజియోథెరపీ, రవాణా భత్యం, ఎస్కార్ట్ భత్యం, ఆడపిల్లల స్టైపెండ్, ఉపకరణాలు సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కిందకి వస్తాయి. మండలంలో ఎమ్మార్సీ (మండల వనరుల కేంద్రం), జిల్లాలో సహిత విద్య కోఆర్డినేటర్ వీటిని చూస్తారు. వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ ఆసుపత్రి పని. పదో తరగతి పరీక్షల మినహాయింపులు హెచ్‌ఎం ద్వారా జిల్లా విద్యాశాఖాధికారి (డీఈఓ) ఆఫీసుకు, అక్కడి నుంచి పరీక్షల విభాగానికి వెళ్తాయి.

ఇంకో చిక్కు మన రెండు జిల్లాలకే ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస, వంగర మండలాలు విజయనగరం జిల్లాలో ఉన్నాయి. పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం పార్వతీపురం మన్యం జిల్లాకు వెళ్లాయి. పాత అలవాటుతో ఇప్పటికీ శ్రీకాకుళం వచ్చి క్యూలో నిలబడేవాళ్లను చూశాను. బడి ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లా డీఈఓ దగ్గరికే వెళ్లాలి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఒక ఫైలు. ప్లాస్టిక్ కవరైనా చాలు, కానీ అన్ని కాగితాలూ అందులోనే ఉండాలి.
- పిల్లల ఆధార్, మీ ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ జిరాక్స్‌లు.
- సదరం సర్టిఫికెట్, ఉంటే యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు). లేకపోతే డాక్టరు రాసిన చీటీ, ఆడియోగ్రామ్, కంటి పరీక్ష రిపోర్టు, ఏది ఉంటే అది.
- ప్రోగ్రెస్ కార్డు, నోటుపుస్తకాల ఫొటోలు.
- ఒక చిన్న నోటుబుక్కు. ఏ రోజు ఎవరితో మాట్లాడారు, వాళ్లేమన్నారు, రెండు లైన్లు చాలు.

సర్టిఫికెట్ గురించి ఒక మాట. "నలభై శాతం రాలేదు కదా, మీకేమీ రాదు" అంటే నమ్మకండి. నలభై శాతం పింఛనుకు, కొన్ని పథకాలకు హద్దు. 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య, ఉచిత ఉపకరణాలు కూడా ఆ హద్దుతోనే ఉన్నాయి. తరగతి గదిలో చేయాల్సిన సర్దుబాట్లకు మాత్రం ఆ హద్దు లేదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోని 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం నడిపే బడైనా, గుర్తింపు ఇచ్చిన ప్రైవేటు బడైనా పిల్లల అవసరానికి తగ్గ సర్దుబాట్లు చేయాలి. 2021లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, రాయడానికి సహాయకుణ్ని ఇచ్చే హక్కును నలభై శాతం దాటినవాళ్లకే పరిమితం చేయకూడదని చెప్పింది.

ఇక పని మొదలుపెడదాం

1. కావాల్సింది ఒక్క వాక్యంలో రాసుకోండి.

"బాగా చూసుకోవాలి", "ప్రత్యేక శ్రద్ధ పెట్టాలి" అని రాస్తే అవతలివాళ్లు అవునంటారు, ఏమీ మారదు. ఎవరైనా వచ్చి చూసి, జరిగిందో లేదో చెప్పగలిగేలా ఉండాలి. "ముందు వరసలో, ఫ్యానుకు దూరంగా కూర్చోబెట్టాలి." "బోర్డు వైపు తిరిగి పాఠం చెప్పకుండా వాడికి ముఖం కనపడేలా చెప్పాలి." "హోంవర్క్ పుస్తకంలో రాసి పంపాలి." "యూనిట్ టెస్టులో గంటకు 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి."

ఒకేసారి మూడింటికి మించి అడక్కండి. పన్నెండు అడిగితే సులువైన రెండు చేసి "చేశాం కదా" అంటారు. వాటిలో అసలైనది ఉండదు.

ఏం అడగాలో తెలియకపోతే భవిత కేంద్రంలో ఐఈఆర్‌టీని అడగండి. పిల్లలకు వ్యక్తిగత విద్యా ప్రణాళిక, వాళ్ల మాటల్లో ఐఈపీ, ఉందా అని అడిగి ఒక కాపీ తీసుకోండి. అందులో రాసినదాన్నే మీరు బడిలో అడిగితే మీ మాట బలపడుతుంది. ఇంకా పరీక్షలేవీ చేయించని పిల్లలైతే ప్రశస్త్ చెక్‌లిస్టు ప్రకారం చూడమని క్లాస్ టీచరుకు చెప్పండి. ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చిన ఆ యాప్‌లో 21 రకాల వైకల్యాలను గుర్తించే ప్రశ్నలుంటాయి. టీచర్లే నింపొచ్చు.

2. ఆన్‌లైన్‌లో పిల్లల పేరు ఎలా ఎక్కిందో చూడండి.

చాలా తగవులు ఇక్కడే తేలిపోతాయి. బడి పిల్లల వివరాలు ఎక్కించే చైల్డ్ ఇన్ఫో, యూడైస్ సైట్లలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల (సీడబ్ల్యూఎస్‌ఎన్) కాలమ్ ఒకటుంటుంది. అక్కడ "లేదు" అని పడితే భత్యాలు, ఉపకరణాల జాబితాలు, క్యాంపు పిలుపులు ఏవీ మీ దాకా రావు. హెచ్‌ఎంనో, కొన్ని బడులకు కలిపి ఉండే రిసోర్స్ టీచరు సీఆర్‌ఎంటీనో "మా పాప పేరు సీడబ్ల్యూఎస్‌ఎన్‌లో ఉందా, ఏ వైకల్యం కింద ఉంది?" అని అడిగి, స్క్రీన్ మీద చూపించమనండి.

వినికిడి లోపం ఉన్న పిల్లను మానసిక వైకల్యం కింద ఎక్కించడం నేను చూశాను. రెండేళ్లు ఆ పాప పేరు చెవి మిషన్ల క్యాంపు జాబితాలోకి రానేలేదు. ఒక్క గడి దిద్దడానికి ఐదు నిమిషాలు పట్టింది. బ్యాంకు ఖాతా ఆధార్‌తో లింక్ అయిందో, పనిచేస్తోందో లేదో కూడా అప్పుడే చూసుకోండి. ఖాతా నిద్రపోతుంటే డబ్బులు రావు, మనం అనవసరంగా మాస్టార్లను అనుమానిస్తాం.

3. బడికి వెళ్లి మాట్లాడండి. ఒక్కరే వెళ్లకండి.

ప్రార్థన వేళ, భోజనాల వేళ వద్దు. ఎప్పుడు రావాలో ముందు రోజే అడగండి. భర్తో, అన్నయ్యో, చదువుకున్న పక్కింటి పిల్లో, ఎవరో ఒకరు తోడుండాలి. మీరు మాట్లాడండి, వాళ్లు రాస్తారు. పిల్లల్ని మాత్రం తీసుకెళ్లకండి. తమ లోపాల గురించి పెద్దవాళ్లు వాదించుకోవడం వాళ్లు వినకూడదు. మా వాడు ఒకసారి విన్నాడు. ఆ రాత్రి మిషన్లు తీసి బియ్యం డబ్బాలో దాచేశాడు.

మాస్టారిని శత్రువుగా చూడొద్దు. ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చెప్పే బడుల్లో ఆయన కష్టం నిజం. "మీకు ఏది అడ్డం వస్తోందో చెప్పండి, దాని కోసం పైకి కూడా అర్జీ పెడదాం" అనండి. నాకు బాగా పనికొచ్చిన మాట ఇదే. ర్యాంపు లేకపోవడం, స్పెషల్ టీచర్ లేకపోవడం ఆయన తప్పు కాదు. మీ కాగితం ఆయనకూ ఆసరా అవుతుంది.

మెగా పీటీఎం (తల్లిదండ్రులందరి సమావేశం) రోజున చెప్పేశాం కదా అనుకోవద్దు. ఆ రోజు వందమంది వస్తారు, ఎవరి మాటా నిలవదు. చెప్పండి, కానీ కాగితం వేరే రోజు ఇవ్వండి. విద్యా కమిటీలో మీకు తెలిసిన సభ్యులుంటే సమావేశంలో ఈ విషయం పెట్టించి మినిట్స్ పుస్తకంలో రాయించండి.

4. అదే రోజు కాగితం ఇవ్వండి, ముట్టినట్టు సంతకం తీసుకోండి.

రెండు కాపీలు రాయండి. ఒకటి వాళ్లకు, రెండోదాని మీద తేదీ, సంతకం, స్టాంపు. ఇలా రాయొచ్చు:

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికి,
విషయం: 4వ తరగతి చదువుతున్న మా అబ్బాయికి తరగతి గదిలో సర్దుబాట్లు కోరుతూ.
అయ్యా, మా అబ్బాయికి రెండు చెవులకూ వినికిడి లోపం ఉంది. సదరం సర్టిఫికెట్ జిరాక్స్ జత చేశాను. ఈ కింది మూడు సర్దుబాట్లు చేయవలసిందిగా కోరుతున్నాను: (ఒకటి, రెండు, మూడు). దివ్యాంగుల హక్కుల చట్టం 2016, సెక్షన్ 16 ప్రకారం ఇవి కోరుతున్నాను. 15 రోజుల్లోగా చేస్తారో లేదో, చేయలేకపోతే కారణమేమిటో రాతపూర్వకంగా తెలియజేయగలరు.
తేదీ, సంతకం, ఫోన్ నంబరు.

చివరి వాక్యాన్ని వదలకండి. "కారణం రాసివ్వండి" అనేసరికి చాలామంది పని చేసేయడానికే మొగ్గుతారు. కాదన్నదాన్ని రాసి సంతకం పెట్టడం ఎవరికైనా కష్టమే.

సంతకం పెట్టనంటే గొడవ వద్దు. పోస్టాఫీసుకు వెళ్లి అక్నాలెడ్జ్‌మెంటుతో రిజిస్టర్ చేసిన స్పీడ్ పోస్టు పంపండి (పాత రిజిస్టర్డ్ పోస్టు 2025 సెప్టెంబరులో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది). రసీదు ఫైల్లో పెట్టండి. ఫొటో తీసి హెచ్‌ఎం వాట్సాప్‌కి కూడా పంపొచ్చు. వాట్సాప్ ఒక్కదాన్నే మాత్రం నమ్ముకోవద్దు. ఫోన్ పోతే రుజువు పోతుంది.

5. పదిహేను రోజులు దాటితే మండలానికి వెళ్లండి.

మండల విద్యాశాఖాధికారి పేర, కాపీ జిల్లా సమగ్ర శిక్ష సహిత విద్య కోఆర్డినేటర్ పేర. బడికి ఇచ్చిన కాగితం జిరాక్స్ దానికి గుచ్చండి. మన మండలాల్లో ఎంఈఓలు ఇద్దరుంటున్నారు. ఎవరికివ్వాలో ఎమ్మార్సీలో అడిగి, ఇద్దరికీ ఇచ్చినా నష్టం లేదు.

విద్యాహక్కు చట్టం 2009, 32వ సెక్షన్ కింద ఫిర్యాదు ఎవరైనా పెట్టొచ్చు. మన జిల్లాల్లో ఇది చాలా అవసరమైన సంగతి. అమ్మానాన్నలు హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో పనుల్లో ఉంటారు, పిల్లలు మామ్మ దగ్గర ఉంటారు. "తల్లిదండ్రులొచ్చి సంతకం పెట్టాలి" అంటే ఈ సెక్షన్ చూపించండి. ఆ ఫిర్యాదును మూడు నెలల్లో తేల్చాలి.

ఉద్దానంలో ఒక మామ్మ ఉంది. చదువు రాదు. మనవరాలికి సెరిబ్రల్ పాల్సీ, ఇంటి దగ్గరే చదువు. ఐఈఆర్‌టీ మేడం రావాల్సిన రోజులు ఉన్నాయి, వచ్చేది తక్కువ. మామ్మ గోడమీది తిథుల క్యాలెండర్‌లో మేడం వచ్చిన రోజు పసుపు బొట్టు పెట్టేది, రాని రోజు కాటుక బొట్టు. ఐదు నెలల పేజీలు ఫొటో తీసి అర్జీకి జత చేశాం. నల్లచుక్కలు లెక్కపెట్టడానికి ఏ ఆఫీసరుకూ అనువాదం అక్కర్లేకపోయింది. తర్వాత తెలిసింది, ఆ మేడం ఒక్కరే రెండు మండలాలు చూస్తున్నారు, పక్క మండలంలో పోస్టు ఖాళీ. అర్జీ మార్చి, ఖాళీ నింపమని రాశాం. మేడం మీద రాసి ఉంటే ఆమెకు మెమో వచ్చేది, పాపకు ఏమీ వచ్చేది కాదు.

"స్పెషల్ టీచర్లు లేరు, మేమేం చేయగలం" అన్న జవాబు వస్తే ఈ లెక్క గుర్తుపెట్టుకోండి. 2021 అక్టోబరు 28న సుప్రీంకోర్టు ప్రాథమిక తరగతుల్లో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒకరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలంది. 2025 మార్చిలో ఆ పోస్టులు ఎన్నో ప్రకటించమని రాష్ట్రాలను ఆదేశించింది. మీ అర్జీలో ఈ ఒక్క వాక్యం చేర్చండి.

6. సోమవారం అర్జీ.

ప్రజా సమస్యల పరిష్కార వేదిక, అందరూ పీజీఆర్‌ఎస్ అంటారు, ప్రతి సోమవారం మండలంలోనూ జిల్లా కేంద్రంలోనూ ఉంటుంది. ఆధార్, ఫోన్ నంబరు తీసుకెళ్లండి. కంప్యూటర్‌లో ఎక్కించి రసీదు ఇస్తారు. దాని మీది నంబరే మీకు ప్రాణం. ఎక్కించేటప్పుడు పక్కనే నిలబడి ఏ శాఖకు పంపుతున్నారో చూడండి. "దివ్యాంగులు" అన్న మాట చూసి పింఛను విభాగానికి పంపేస్తుంటారు. మనకు కావాల్సింది పాఠశాల విద్య, సమగ్ర శిక్ష. పింఛను వేరు, బడిలో సాయం వేరు. రెండూ ఒకే అర్జీలో కలిపితే పింఛను సంగతి రాసి మూసేస్తారు.

1100కి ఫోన్ చేస్తే అర్జీ ఎక్కడుందో చెబుతారు. చాలామందికి జరిగేది ఏమిటంటే, కొన్నాళ్లకు "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తుంది, బడిలో ఏమీ మారదు. నాకూ వచ్చింది. టెన్షన్ పడకండి. పరిష్కారమైందని ఏం రాశారో, ఆ ఎండార్స్‌మెంట్ కాపీ అడగండి. "హెచ్‌ఎంకు సూచనలిచ్చాం" అని ఉంటే, అమలు కాలేదంటూ నోటుపుస్తకం ఫొటో పెట్టి అర్జీ మళ్లీ తెరిపించండి.

7. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు.

మండల ఆఫీసులో 5 రూపాయలు, జిల్లా ఆఫీసులో 10 రూపాయలు ఫీజు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నట్టు రుజువు జత చేస్తేనే ఫీజు ఉండదు. "ఎందుకు చేయలేదు?" అని అడిగితే జవాబు రాదు, కాగితాలు అడగాలి. "ఫలానా తేదీ అర్జీపై తీసుకున్న చర్యల కాపీలు." "మా మండలంలో ఐఈఆర్‌టీ పోస్టులెన్ని, ఖాళీలెన్ని." "ఫిజియోథెరపిస్టు భవిత కేంద్రానికి వచ్చిన రోజుల హాజరు." ముప్పై రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే పై అధికారికి ముప్పై రోజుల్లోపు అప్పీలు. నా అనుభవంలో సగం పనులు ఈ దరఖాస్తు అందిన వారంలోనే కదిలాయి.

8. జిల్లా దాటాల్సి వస్తే.

రెండు దారులు. దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్‌కు ఫిర్యాదు పంపొచ్చు. ఆయనకు సాక్షులను, కాగితాలను పిలిపించే అధికారం సివిల్ కోర్టుకు ఉన్నట్టే ఉంటుంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లల విషయంలో మండలం, జిల్లా తేల్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేయొచ్చు. రెండూ పోస్టులో పంపొచ్చు.

లాయరుకు డబ్బుల్లేవని ఆగొద్దు. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. మహిళలకు, పిల్లలకు, దివ్యాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్‌ను ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది. 15100కి ఫోన్ చేయొచ్చు. లాయర్ నోటీసు ఒక్కటి వెళ్తే చాలా ప్రైవేటు బడులు కూర్చుని మాట్లాడతాయి. కోర్టు దాకా పోవడం నాకు తెలిసి చాలా తక్కువమందికి అవసరమైంది.

ప్రైవేటు బడి "టీసీ తీసుకెళ్లండి" అంటే

ఇది వేరేగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఒక్క సంతకంతో పిల్లలు బయటికొచ్చేస్తారు. "మీ బాబుకు మా బడి సరిపడదు, మీకే మంచిది" అని మెత్తగా మొదలవుతుంది. తర్వాత ఒక తెల్లకాగితం ముందు పెడతారు: "సొంత కారణాల వల్ల టీసీ కోరుతున్నాను." దాని మీద సంతకం పెట్టకండి. పెట్టాక ఏ ఆఫీసుకు వెళ్లినా ఆ కాగితమే చూపిస్తారు.

విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి పంపేయకూడదు. చేర్చుకునేటప్పుడు పరీక్ష పెట్టి వడకట్టడం కూడా 13వ సెక్షన్ ప్రకారం తప్పు. అలా వడకట్టినందుకు మొదటిసారికి 25 వేల దాకా, తర్వాత ప్రతిసారికీ 50 వేల దాకా జరిమానా ఉంది. "ఆయాను మీరే పెట్టుకోండి", "తల్లి రోజంతా తరగతిలో కూర్చోవాలి" అన్నా ఆ మాట రాసివ్వమనండి. రాసిస్తే అదే మీ సాక్ష్యం. రాసివ్వకపోతే ఆ రోజు జరిగింది మీరే మెయిల్‌లోనో, పోస్టులోనో రాసి పంపండి: "ఈ రోజు మీరు ఇలా అన్నారు, నేను ఒప్పుకోలేదు."

ఒక నిజం కూడా చెప్పాలి. కొన్ని బడుల్లో గెలిచి ఉంచినా పిల్లలు నలిగిపోతారు. పిల్ల ప్రతి ఉదయం కడుపునొప్పి అంటుంటే, రాత్రుళ్లు పక్క తడుపుతుంటే, వేరే బడి చూడటం ఓటమి కాదు. కానీ ఆ నిర్ణయం మీది కావాలి, వాళ్ల తెల్లకాగితానిది కాకూడదు. ముందు కొత్త బడిలో సీటు ఖాయం చేసుకోండి, ఆ తర్వాతే టీసీ.

పదో తరగతి పిల్లలుంటే

ఆలస్యం చేయకండి, అంతే. దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్‌లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో మూడో భాషల మినహాయింపు లాంటి మార్పులు ఉన్నాయి. కానీ అవి హెచ్‌ఎం ప్రతిపాదన పంపితేనే వస్తాయి. పరీక్ష ఫీజు కట్టే రోజుల్లోనే మెడికల్ సర్టిఫికెట్‌తో కాగితం ఇవ్వండి. నామినల్ రోల్‌లో (పరీక్ష రాసేవాళ్ల జాబితాలో) మీ అబ్బాయి పేరు ఎదుట ఆ మినహాయింపు ఎక్కిందో లేదో చూసి రండి. హాల్ టికెట్ వచ్చాక పరుగెత్తేవాళ్లను ప్రతి మార్చిలోనూ చూస్తున్నాను, చాలామందికి అప్పటికి సమయం దాటిపోతుంది. స్క్రైబ్‌తో ఇంట్లో కనీసం నాలుగైదు పాత పేపర్లు రాయించండి. చెప్పి రాయించడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే.

పని నిజంగా జరిగిందని ఎలా తెలుసుకోవాలి?

"చేశాం" అన్న మాటతో ఫైలు మూయొద్దు. బడి చెప్పిన రెండు వారాలకు, మళ్లీ రెండు నెలలకు చూడండి. మొదటి వారం అన్నీ బాగానే ఉంటాయి. టీచరు బదిలీ అయితేనో, ఎండాకాలం సెలవులు అయ్యాకనో పాతదే తిరిగొస్తుంది. అందుకే ప్రతి జూన్‌లో కొత్త క్లాస్ టీచరుకు అదే కాగితం, కొత్త తేదీతో మళ్లీ ఇవ్వాలి. నేను ఆరేళ్లుగా ఇస్తున్నాను.

నోటుపుస్తకం చూడండి. తేదీ కింద ఎన్ని లైన్లున్నాయి, అవి బోర్డు చూసి దింపినవా, వాడు అర్థమై రాసినవా? అదే పాఠంలోంచి ఒక చిన్న ప్రశ్న అడిగితే తెలిసిపోతుంది. పాస్‌బుక్ ప్రింటు వేయించండి, భత్యం పడిందో లేదో అందులో ఉంటుంది. చెవి మిషన్, వీల్‌చైర్, క్యాలిపర్ ఇచ్చారంటే అది పిల్లల కొలతకు సరిపోయిందా, రోజూ వాడుతున్నారా చూడండి. క్యాంపులో ఇచ్చిన మిషన్ బ్యాటరీ అయిపోయి బీరువాలో ఉంటే కాగితం మీద సాయం అందినట్టే, వాడికి అందనట్టే.

పిల్లల్ని "బడి బాగుందా?" అని అడిగితే బాగుందనే అంటారు. నేను అడిగేవి వేరు. ఈ రోజు ఎక్కడ కూర్చున్నావు? నీ పక్కన ఎవరు? మాస్టారు నిన్ను ఏ ప్రశ్న అడిగారు? మాటలు రాని పిల్లలైతే తరగతి గది బొమ్మ గీసి, తమ చోట వేలు పెట్టమనండి. నాలుగో తరగతిలో బెంచీ మారిన వారం మా వాడిని అలాగే అడిగాను. కిటికీ పక్కన మొదటి బెంచీ మీద వేలు పెట్టాడు. తర్వాత పైన ఫ్యాను గీసి, దాని మీద ఇంటూ మార్కు కొట్టాడు.